కైరోప్రాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది, మసాజ్ నుంచి ఎంత ఆశించవచ్చు: నడుము నొప్పితో అడిగిన ఒకరికి ఫిజియోథెరపిస్టు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ వయసు 38, డాలస్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు వారాల కిందట బియ్యం బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది; నొప్పి ఎడమ పిరుదు దాకా వస్తోంది గాని కాలిలోకి దిగడం లేదు. కైరోప్రాక్టర్ (వెన్నునూ కీళ్లనూ చేత్తో నొక్కి చికిత్స చేసే మనిషి) దగ్గరకు వెళ్తే మొదటి రోజే ఎక్స్‌రేలు తీసి, 36 విజిట్ల ప్యాకేజీకి ముందుగా డబ్బు కడితే తగ్గింపు ఇస్తామన్నారు. అది కట్టాలా, దాని బదులు మసాజ్ చేయించుకుంటే సరిపోతుందా, గుంటూరు నుంచి పది రోజుల కిందటే వచ్చిన మీ అమ్మగారిని (64 ఏళ్లు, మెడ నొప్పి, ఎముకలు గుల్లబారాయని అక్కడి డాక్టరు చెప్పడం, రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్) కూడా తీసుకెళ్లవచ్చా అన్నవి మీ సందేహాలు.

నేను విశాఖపట్నంలో ఆరేళ్లు, ఆ తర్వాత అమెరికాలో పదమూడేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. అందులో నాలుగేళ్లు ఒక కైరోప్రాక్టర్, ఇద్దరు మసాజ్ థెరపిస్టులు ఉన్న క్లినిక్‌లోనే పనిచేశాను. మా వృత్తివాళ్లకు కైరోప్రాక్టర్లంటే కొంత కినుక ఉంటుంది కాబట్టి, నేను చెప్పేదాంట్లోంచి ఆ వాటా తీసేసి చదువుకోండి. అయినా ఒక మాట మాత్రం ముందే చెబుతాను: 36 విజిట్లకు ముందుగా డబ్బు కట్టకండి. మీలాంటి నొప్పికి కైరోప్రాక్టిక్ గాని మసాజ్ గాని పనికొస్తుందా లేదా అన్నది నాలుగు నుంచి ఆరు విజిట్లలో తేలిపోతుంది. అంతలో ఏ మార్పూ లేకపోతే ముప్పయ్యారో విజిట్‌లో అద్భుతం జరగదు.

కైరోప్రాక్టర్లందరూ ఒకే రకం కాదన్న సంగతి తెలియాలంటే దాని పుట్టుక కొంచెం తెలియాలి. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు, తన భవనంలో పనిచేసే హార్వీ లిలార్డ్ అనే వినికిడి తగ్గిన మనిషి వెన్నుపూసను నొక్కి సరిచేశాననీ, దాంతో అతనికి మళ్లీ వినిపించిందనీ ప్రకటించాడు. వెన్నుపూస పక్కకు జరగడమే జబ్బులకు మూలమన్న సిద్ధాంతం అక్కడే మొదలైంది; జరిగిందనుకునే ఆ స్థితిని వాళ్లు సబ్‌లక్సేషన్ అంటారు. ఆ పేరుతో చెప్పే దోషమే రోగాలకు కారణమని చూపే పరిశోధనా ఆధారం లేదని బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో చెప్పింది. ఈనాడు ఒక వర్గం కైరోప్రాక్టర్లు నడుము, మెడ, కీళ్ల నొప్పులకు పరిమితమై, వ్యాయామం నేర్పి, అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపుతారు. ఇంకో వర్గం పిల్లల చెవిపోటు నుంచి ఉబ్బసం దాకా అన్నిటికీ వెన్నులోనే మూలం ఉందంటుంది. మీరు వెళ్లిన చోటు ఏ వర్గానిదో తెలుసుకోవడానికి వెయిటింగ్ రూమ్ గోడల మీది పోస్టర్లు చదివితే చాలు.

వాళ్ల పేరు ముందు ఉండే ‘డాక్టర్’ అన్న మాట మన కుటుంబాల్లో కొంత గందరగోళం తెస్తుంది. అది డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ అన్న వేరే పట్టా; కాలేజీ చదువు తర్వాత సుమారు నాలుగేళ్ల కోర్సు. అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సు తప్పనిసరి. శస్త్రచికిత్సలు చేయరు, సాధారణంగా మందులు రాయరు. మన దేశంలో మాత్రం కైరోప్రాక్టిక్‌ను నియంత్రించే ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి యూట్యూబ్‌లో ఎముకలు పటపటలాడించే వీడియోలు చూసి, ఇండియా వెళ్లినప్పుడు ఎవరి దగ్గరైనా చేయించుకోవచ్చని అనుకునేవాళ్లు, ఆ చేయి వేసే మనిషి ఎక్కడ, ఎన్నేళ్లు చదివాడో ముందు అడగాలి.

మొదటి విజిట్ సరిగా జరిగితే అందులో ఎక్కువ భాగం మాటలకూ పరీక్షకూ పోవాలి. నొప్పి ఎలా మొదలైంది, రాత్రిళ్లు నిద్ర లేపుతోందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, మూత్రం, విరేచనం మామూలుగా అవుతున్నాయా అని అడగాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తి చూడాలి, చిన్న సుత్తితో మోకాలు, మడమ దగ్గర తట్టాలి, పాదాల బలమూ స్పర్శా పరీక్షించాలి. ఇవేవీ చేయకుండా నేరుగా ఎక్స్‌రే గదిలోకి నడిపించారంటే నాకు అనుమానమే. ప్రమాద సూచనలు లేని కొత్త నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో వెన్ను ఎక్స్‌రేలు, స్కాన్‌లు తీయించవద్దని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే 2017లో తన సభ్యులకు సూచించింది. మీ ఎక్స్‌రే మీద గీతలు గీసి ‘వంకర’, ‘అరుగుదల’ చూపించారని రాశారు కదా. నొప్పి అనేదే లేని మీ వయసువాళ్లను పది మందిని వరసగా నిలబెట్టి ఎక్స్‌రే తీసినా అలాంటివి చాలామందిలో కనిపిస్తాయి.

ఇక అసలు అడ్జస్ట్‌మెంట్, అంటే చేత్తో నొక్కి చేసే చికిత్స; దీన్నే మానిప్యులేషన్ అని కూడా అంటారు. నడుముకైతే మిమ్మల్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు మడిపించి, భుజాన్ని వెనక్కీ తుంటిని ముందుకూ తిప్పి, కండరాలు బిగుసుకున్న చోట చాలా తక్కువ దూరం, చాలా వేగంగా ఒక్క నొక్కు నొక్కుతారు. టప్పుమని శబ్దం రావచ్చు. అది ఎముక జరిగి తన చోట కూర్చున్న చప్పుడు కాదు. కీలులోని జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువు బుడగలా ఏర్పడటం వల్ల వచ్చేది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు వేలి కీలును ఎం.ఆర్.ఐ. యంత్రంలో లాగుతూ దీన్ని చూశారు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్లీ పలకకపోవడమూ మీరెరిగిందే. శబ్దం రాకపోతే చికిత్స విఫలమైనట్టు కాదు, ఎక్కువ వస్తే ఎక్కువ మేలు జరిగినట్టూ కాదు. ఆ నొక్కు ఇష్టం లేకపోతే నెమ్మదిగా కదిలించే పద్ధతి, కిందికి చిన్నగా జారే డ్రాప్ టేబుల్, స్ప్రింగుతో తట్టే చిన్న పరికరం కూడా ఉంటాయి, అడగండి. వద్దని చెప్పే హక్కు మీకు బల్ల మీద పడుకున్నాక కూడా ఉంటుంది.

లేచాక ఏమవుతుంది? చాలామందికి నడుము తేలికపడినట్టు, వంగడం సులువైనట్టు వెంటనే అనిపిస్తుంది. ఆ రోజు సాయంత్రమో మరునాడో కొత్త సలుపు, బిగువు, అలసట రావడం మామూలే. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ తేలిక కొన్ని గంటలుంటుందో కొన్ని రోజులుంటుందో మనిషిని బట్టి మారుతుంది. మొత్తంగా చూస్తే లాభం నిజమే గాని చిన్నది. 26 ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, వెన్ను మానిప్యులేషన్ వల్ల కొత్త నడుము నొప్పి ఆరు వారాల్లోపు, వంద మార్కుల కొలబద్ద మీద సగటున సుమారు పది మార్కులు అదనంగా తగ్గినట్టు తేలింది. 2018లో 750 మంది అమెరికా సైనికులపై జరిగిన ప్రయోగంలో మామూలు వైద్యంతో పాటు కైరోప్రాక్టిక్ కూడా అందినవాళ్లు మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 1998లో సియాటిల్‌లో 321 మందిపై జరిగినది: కొందరిని కైరోప్రాక్టర్‌కు, కొందరిని మావాళ్లకు అప్పగించి, మిగిలినవాళ్ల చేతిలో నడుము నొప్పి గురించిన చిన్న పుస్తకం పెట్టి పంపారు. మేమూ, కైరోప్రాక్టర్లూ సరిసమానం. పుస్తకం చదివినవాళ్లు మా ఇద్దరికన్నా కొంచెమే వెనక. మా రెండు వృత్తుల మధ్య పోట్లాట వచ్చినప్పుడల్లా నేను గుర్తుచేసుకునే ప్రయోగమిది.

మన ఊళ్లలో నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుంటే పోతుందనేవారు. మా అమ్మమ్మ ఇంటి పక్కన అలాంటి పిల్లవాడొకడు ఉండేవాడు. పొద్దున్నే వాడి కోసం ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కాచుకుని కూర్చునేవారు. వాళ్లలో చాలామందికి తగ్గేది కూడా. ఎందుకంటే కొత్తగా పట్టేసిన నడుము చాలావరకు నాలుగైదు వారాల్లో దానంతటదే సడలుతుంది. నొప్పి బాగా ముదిరిన రోజునే మనం ఎవరి దగ్గరకైనా వెళ్తాం, తర్వాత రోజులు ఎలాగూ మెరుగే, పేరు మాత్రం చివరగా చేయి వేసినవాడికో కాలు వేసినవాడికో దక్కుతుంది. 36 విజిట్లంటే వారానికి మూడు చొప్పున పన్నెండు వారాలు. ఆ పన్నెండు వారాల్లో ఏమీ చేయకపోయినా మీ నొప్పి చాలావరకు తగ్గి ఉండేదన్న సంగతి ప్యాకేజీ కాగితం మీద ఉండదు.

మసాజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు ఇందులోనే అపోహలు ఎక్కువ. టెక్సస్‌లో మసాజ్ థెరపిస్టుకు 500 గంటల శిక్షణ, లైసెన్సు ఉండాలి. న్యూయార్క్‌లో 1,000 గంటలు. లైసెన్సు కాగితం గోడకు కనబడేలా ఉంటుంది. మీరు వెళ్లగానే ఒక ఫారం నింపమంటారు: జబ్బులు, మందులు, ఆపరేషన్లు, ముట్టుకోకూడని చోట్లు. దాన్ని గబగబా సంతకం పెట్టి ఇచ్చేయకుండా నిజాలు రాయండి. తర్వాత గదిలో మిమ్మల్ని ఒంటరిగా వదిలి వెళ్తారు. మీకు ఇబ్బంది లేనంత వరకే బట్టలు తీసి దుప్పటి కింద పడుకుంటే సరిపోతుంది, మొత్తం తీయాలన్న నియమం లేదు. పనిచేసే భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కిందే ఉంటుంది. ఆడవాళ్లు ఆడ థెరపిస్టును కోరుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. స్పాలో అయితే బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం ఇక్కడి ఆచారం. కైరోప్రాక్టర్‌కు గాని, ఫిజియోథెరపిస్టుకు గాని టిప్ ఇవ్వరు.

ఒత్తిడి గట్టిగా అనిపిస్తే నోరు విప్పి చెప్పాలి. మనవాళ్లు చెప్పరు. ఎదుటి మనిషి నొచ్చుకుంటారని, లేదా ఎంత నొప్పి పెడితే అంత పనిచేస్తుందని పళ్లబిగువున ఓర్చుకుంటారు. పదికి ఐదారు మించిన నొప్పి పెడితే కండరం సడలదు, ఎదురు తిరిగి బిగుసుకుంటుంది. ‘డీప్ టిష్యూ’ అని ఎక్కువ డబ్బు తీసుకునే మసాజ్ మామూలుదానికన్నా నడుముకు మేలన్న నమ్మకానికీ ఆధారం తక్కువే. సియాటిల్‌లోనే 2011లో అచ్చయిన మరో ప్రయోగంలో, దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 401 మందిలో కొందరికి కండరాల లోపాలు వెతికి చేసే మసాజ్, కొందరికి ఒళ్లంతా హాయిగా చేసే మసాజ్ వారానికి ఒకసారి చొప్పున పది వారాలు చేశారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఆ మేలు ఆరు నెలల దాకా కొంత కనిపించి, ఏడాదికి చాలావరకు కరిగిపోయింది. ఇక మసాజ్ వల్ల ఒంట్లోని విషాలు, మలినాలు బయటకు పోతాయన్నది వట్టి మాట. ఆ పని కాలేయానిదీ, మూత్రపిండాలదీ. మసాజ్ చేసేది కండరాల బిగువును, భయాన్ని, నిద్రలేమిని తగ్గించడం. నొప్పితో మూడు వారాలుగా సరిగా నిద్రపోని మనిషికి అది తక్కువ ఉపకారమేమీ కాదు. ఇంట్లో మీ శ్రీమతి గారు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి పావుగంట మర్దన చేసినా, పండగనాటి అభ్యంగన స్నానంలా తర్వాత వేడినీళ్లు పోసుకున్నా, ఆ మేలులో చెప్పుకోదగిన భాగం మీకు దక్కుతుంది.

ఈ రెండు చికిత్సలూ ఇచ్చేది నొప్పి తగ్గిన కొంత వ్యవధి. ఆ వ్యవధిలో మీరు ఏం చేస్తారన్నదే అసలు విషయమని నా అనుభవం. తేలికగా ఉన్న ఆ రెండు రోజులూ కుర్చీలోనే గడిపితే మూడో రోజు మళ్లీ బల్ల ఎక్కాలి. రోజుకు రెండుసార్లు పదిహేను, ఇరవై నిమిషాలు నడిచి, నడుముకూ పిరుదులకూ చెప్పిన నాలుగు వ్యాయామాలు చేసి, మెల్లమెల్లగా బరువులు ఎత్తడం మళ్లీ అలవాటు చేసుకుంటే విజిట్ల అవసరం దానంతటదే తగ్గుతుంది. చేతి చికిత్సలను ఒంటరిగా కాక వ్యాయామంతో కలిపే ఇవ్వాలని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2016 నుంచి చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇచ్చిన సూచనల్లో కూడా వ్యాయామం, అవగాహనలతో పాటు మానిప్యులేషన్‌కూ మసాజ్‌కూ చోటుంది. నడుముకు బెల్టు కట్టడాన్నీ, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌నూ అది సిఫారసు చేయలేదు. ఇంకా బెల్టు పెట్టుకునే ఆఫీసుకు వెళ్తున్నానని మీరు రాసినందువల్ల ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. విజిట్‌కు విజిట్ కోపే (బీమా ఇచ్చేది పోగా ప్రతిసారీ మీరు కట్టే వాటా) కట్టే పద్ధతికి ఒప్పుకునే కైరోప్రాక్టర్‌ను చూసుకోండి. డిడక్టబుల్ (బీమా డబ్బు ఇవ్వడం మొదలయ్యేలోపు ఏడాదిలో మీరే భరించాల్సిన మొత్తం) తీరిందా, ఏడాదికి ఎన్ని విజిట్లకు కవరేజీ ఉందో బీమా కంపెనీకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. క్లినిక్ రిసెప్షన్‌లోని మనిషి చెప్పినదాన్ని నమ్మి తర్వాత బిల్లు చూసి బాధపడినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మొదటి రోజే ఒక కొలమానం రాసి పెట్టుకోండి: ఎన్ని నిమిషాలు కూర్చోగలుగుతున్నారు, సాక్సులు తొడుక్కోవడానికి వంగగలుగుతున్నారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. నాలుగో విజిట్‌కు ఆ కాగితం తీసి చూసుకోండి. ‘ఎలా ఉంది’ అని బల్ల మీద అడిగితే మొహమాటానికి ‘పర్లేదు, బాగుంది’ అనేస్తాం; కాగితానికి మొహమాటం లేదు.

నొప్పి కాలిలోకి పాకినా, పాదం పైకి లేవకపోయినా, చికిత్స ఆపి డాక్టరును చూడాలి. జీను మీద కూర్చుంటే తగిలే చోటు, అంటే తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం రాక బిగబట్టినా, తెలియకుండా పోతున్నా రేపటి దాకా ఆగకుండా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్లాలి. నరాల కట్ట మీద ఒత్తిడికి అది గుర్తు, ఆలస్యమైతే తిరిగిరాని నష్టం జరుగుతుంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ల విషయంలో నేను ఇంకొకటి తప్పక అడుగుతాను. విశాఖలో ఉన్న రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడొకడు మూడు నెలలు వీపుకు మర్దన చేయించుకుని, తగ్గక మా దగ్గరకు వచ్చాడు. సాయంత్రాలు సన్నగా జ్వరం వస్తోందని వాళ్ల అమ్మ మాటల మధ్యలో చెప్పింది. అది వెన్నెముక క్షయ. అప్పటికే ఒక పూస కుంగింది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్ను మీద ఎవరి చేయీ పడకముందే పరీక్షలు జరగాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ కనబడలేదు.

మీ అమ్మగారి సంగతికి వస్తే, నా జవాబు సూటిగా వద్దనే. ఎముకలు గుల్లబారిన మనిషికి వేగంగా నొక్కే అడ్జస్ట్‌మెంట్ చేస్తే పక్కటెముక గాని పూస గాని చిట్లే ప్రమాదం ఉంది. మెడ విషయంలో ఇంకో భయం కూడా ఉంది. మెడపూసల మధ్యగా మెదడుకు వెళ్లే రక్తనాళాల గోడ చీలి, పక్షవాతం రావడం మెడ మానిప్యులేషన్ తర్వాత అరుదుగా జరుగుతుంటుంది. చీలిక అప్పటికే మొదలై, ఆ మెడ నొప్పితోనే మనిషి చికిత్సకు వెళ్లి ఉండవచ్చునన్న వాదనకూ బలముంది. ఏది ముందో ప్రతిసారీ తేల్చలేం. అందుకే మెడకు చేసే ముందు ఈ సంగతి రోగికి చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సూచించింది. మీకు మెడ ఎలాగూ నొప్పి లేదు. ‘పనిలో పనిగా మెడ కూడా’ అంటే మీరూ వద్దనండి. మన ఊళ్లో క్షౌరశాలల్లో తలకు నూనె మర్దించి చివర్న మెడను రెండు వైపులా టక్కున తిప్పడం ఈ కారణంగానే నాకు గిట్టదు. 2022లో హైదరాబాద్‌లో ఒక యాభై ఏళ్ల మహిళకు పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతం లక్షణాలు వచ్చిన సంగతి మీరు వార్తల్లో చదివే ఉంటారు. మెడకు ఏదైనా చేశాక తల తిరగడం, ఎన్నడూ రానంత తలనొప్పి, చూపు రెండుగా కనబడటం, మాట తడబడటం, నడక తూలడం కనబడితే 911కు ఫోన్ చేయాలి.

అమ్మగారికి మెత్తని మసాజ్ చేయించవచ్చు, రెండు షరతుల మీద. స్టెంట్ తర్వాత వాడే రక్తం పలుచబడే మందుల వల్ల గట్టిగా నొక్కితే ఒళ్లు కమిలిపోతుంది. కాబట్టి తేలిక ఒత్తిడి చాలు, మసాజ్ కోసమని ఆ మందులు ఒక్క పూట కూడా ఆపకూడదు. రెండోది, ఆవిడ అంతసేపు విమానంలో కూర్చుని పది రోజులే అయింది. ఒక కాలి పిక్క రెండో దానికన్నా వాచినా, వేడిగా ఉన్నా, నొక్కితే నొప్పి పెట్టినా అక్కడ మర్దన చేయకూడదు, ఇంట్లో కూడా. లోపలి సిరలో గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అలాంటప్పుడు ఆ రోజే స్కాన్ తీయించాలి. మెడ నొప్పికి ఒక ఫిజియోథెరపిస్టు చేత చూపించి, మెడకూ భుజాలకూ తేలిక వ్యాయామాలు నేర్పిస్తే మిగతా నెలలు ఆవిడే ఇంట్లో చేసుకోగలరు. తల్లిదండ్రులకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు సాధారణంగా డబ్బు ఇవ్వదు, కాబట్టి ఆ విజిట్ చేతి డబ్బుతోనే అనుకోండి. వెళ్లేటప్పుడు గుంటూరు డాక్టరు రాసిన మందుల చీటీ, ఎముకల సాంద్రత పరీక్ష కాగితం రెండూ వెంట తీసుకెళ్లండి. ‘బీపీ మాత్ర, గుండె మాత్ర’ అని ఆవిడ చెబితే ఇక్కడివాళ్లకు ఏమీ తెలియదు.